వంకర కొమ్మ జాతకం

మొన్న ఆదివారం పొద్దున్న, నా కాఫీ ఇంకా సగంలో ఉండగానే, మనవరాలు కంపాస్ బాక్సు పట్టుకుని వరండాలోకి వచ్చింది. "తాతా, పదిహేను డిగ్రీలంటే ఎంత వాలాలో చూపించు" అంది. లెక్కల హోంవర్కు కాబోలని కళ్ళజోడు వెతుక్కున్నాను. తీరా చూస్తే రెండో చేతిలో మోదుగ కొమ్మ. రాత్రి గాలికి విరిగి క్వార్టర్ల వెనక వేలాడుతుంటే తెచ్చుకుందట. ఆకు ఒక్కటి లేదు. బొగ్గుముక్కల్లాంటి నల్లటి మొగ్గలు, వాటి మధ్య నిప్పురవ్వల్లా నాలుగు పువ్వులు.

"ఇకెబానా చేస్తాను" అని ప్రకటించింది.

ఇదంతా పూల ప్రదర్శన చలవ. చలికాలంలో మా జంషెడ్‌పూర్లో హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు బిష్టుపూర్ గోపాల్ మైదానంలో పూల ప్రదర్శన పెడతారు. చేమంతులు, డాలియాలు చూడ్డానికి ఊరు ఊరంతా కదులుతుంది. మేమూ వెళ్ళాం. అక్కడ ఒక బల్ల మీద వెడల్పాటి పళ్ళెం, అందులో ఒక ఎండుకొమ్మ, దాని పాదాల దగ్గర రెండు చేమంతులు. అంతే. పిల్ల అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. మా ఆవిడ మాత్రం ఒక్క చూపు చూసి, "చుట్టూ ఇన్ని పూలు పెట్టుకుని మూడంటే మూడు గుచ్చారేమిటి, పిసినారి మొహాలు!" అంది.

ఆవిణ్ణి తప్పుపట్టలేం. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చిన మనిషి. బిష్టుపూర్ రామమందిరంలో మన తెలుగువాళ్ళు చేసే శ్రీరామనవమికి మూరల లెక్కన దండలు కట్టిన చేయి. మన దండలో వేలు దూరేంత సందు కనిపిస్తే కట్టినవాళ్ళకి పని రాదంటాం. జపాను వాళ్ళకి ఆ సందే పని. దానికి వాళ్ళ భాషలో 'మా' అని పేరు కూడా ఉంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఉన్న ఖాళీని కూడా పువ్వంత శ్రద్ధగా అమరుస్తారు.

ఇకెబానా అన్న మాటలో 'హనా' అంటే పువ్వు. 'ఇకేరు' అంటే అమర్చడమే, కానీ ఆ మాట మూలంలో బతికించడం, ప్రాణంతో నిలపడం అన్న అర్థం ఉంది. ఇది విన్నప్పుడు నాకు వెంటనే తెలంగాణ బతుకమ్మ గుర్తొచ్చింది. తంగేడు, గునుగు పూలు గోపురంగా పేర్చి, ఆడి పాడి, చివరికి చెరువులో వదిలే పండక్కి పేరు 'బతుకు' అమ్మ. వేలమైళ్ళ దూరంలో ఇంకో జాతి కూడా పూలను అమర్చే పనిలోకి బతుకునే తెచ్చుకుంది. ఒకరు నిండుగా పేర్చి చెప్పారు, ఇంకొకరు ఖాళీ వదిలి చెప్పారు.

చరిత్ర పొడుగ్గా చెబితే పిల్ల లేచిపోతుందని క్లుప్తంగా కానిచ్చాను. బౌద్ధం జపాను చేరాక బుద్ధుడి ముందు పూలు పెట్టడంతో ఇది మొదలైంది. క్యోటో నగరంలో రొక్కాకుదో అని ఆరుమూలల గుడి ఉంది. అక్కడి పూజారులు చెరువు పక్కన ఉండేవాళ్ళు, అందుకే ఇకెనోబో అని పేరొచ్చింది. 'ఇకే' అంటే చెరువు. ఆ వంశంలోని సెంకెయ్ అనే ఆయన పూలు అమరిస్తే జనం విరగబడి చూశారని 1462లో ఒక సన్యాసి తన దినచర్యలో రాసుకున్నాడు. తర్వాత ఎన్నో బాణీలు పుట్టాయి. వెడల్పు పళ్ళెంలో అమర్చే మొరిబానా పద్ధతి 19వ శతాబ్దం చివర్లో ఒహారా ఉన్షిన్ తెచ్చింది. పిల్ల పట్టుకొచ్చిన డిగ్రీల లెక్క సొగెత్సు బాణీది, దాన్ని 1927లో తెషిగహారా సోఫు స్థాపించాడు.

జపాను మా ఊరికి మరీ అంత పరాయిది కూడా కాదు. మా ఊరికి పేరిచ్చిన జంషెట్జీ టాటా 1893లో యోకహామాలో ఓడెక్కి వాంకూవర్ వెళ్తుంటే, అదే ఓడలో వివేకానందుడూ ఉన్నాడు. ఆ జంషెట్జీయే 1902లో కొడుక్కి రాసిన ఉత్తరంలో, కట్టబోయే ఊళ్ళో వీధులు వెడల్పుగా ఉండాలి, నీడచెట్లు నాటాలి, వాటిలో ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరిగే రకం ఉండాలి, తోటలకీ పచ్చికలకీ బోలెడు చోటు వదలాలి అన్నాడు. ఇనుము వండే ఊరికి ముందే చెట్ల లెక్క రాసిపెట్టిన మనిషి! ఉక్కు కంపెనీకి యాభై ఏళ్ళు నిండాయని 1958లో జూబిలీ పార్కు తెరిచినప్పుడు కూడా మైసూరు బృందావనాన్ని చూసే తోట వేశారు.

సరే, కొమ్మ దగ్గరికి వద్దాం.

సొగెత్సులో మొదటి పాఠం మూడు పుల్లలు. పెద్దది షిన్, నడిమిది సోయె, చిన్నది హికాయె. పళ్ళెం వెడల్పు, లోతు కలిపి ఒకటిన్నర రెట్లు చేస్తే షిన్ పొడవు. మా స్టీలు పళ్ళెం 30 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు. మొత్తం 36, ఒకటిన్నర రెట్లు 54. అందులో ముప్పావు వంతు సోయె, అంటే 40న్నర. దాంట్లో మళ్ళీ ముప్పావు హికాయె, దాదాపు 30. నిలువు గీత నుంచి షిన్ 15 డిగ్రీలు, సోయె 45, హికాయె 75 డిగ్రీలు వాలాలి. కోణమానిని ఇందుకన్నమాట. ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు, ఏ రెండూ ఒకే వైపు చూడవు. పాత బాణీల్లో ఈ మూడింటినీ ఆకాశం, మనిషి, భూమి అనేవారు.

పిల్ల కొలిచింది, కోసింది, పెట్టింది. కొమ్మ గిర్రున తిరిగి వీపు మావైపు పెట్టింది. అటు తిప్పితే ఇటు, ఇటు తిప్పితే అటు. పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. "ఈ కొమ్మ వంకరది తాతా, మంచిది కోసుకొస్తాను" అంది.

"ఆగమ్మా. వంకరంటే తప్పు కాదు. అది దాని జాతకం. ముందు చదువు" అన్నాను.

కొమ్మని వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక పక్క నున్నగా నిండుగా ఉంటుంది, చిగుళ్ళూ మొగ్గలూ అటే మొగ్గి ఉంటాయి. అది ఎండ తిన్న పక్క. రెండోది నీడ పక్క. ఇకెబానా గురువులు శిష్యులకి ముందుగా నేర్పేది ఇదే: ఆకైనా కొమ్మైనా దాని ఎండముఖం ఏదో కనిపెట్టు, అది చూసేవాడివైపో పైకో ఉండాలి. కళగా నేర్పినా అందులో ఉన్నది వృక్షశాస్త్రమే. చార్లెస్ డార్విన్ ముసలితనంలో కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకల కొసలకి చిన్న చిన్న టోపీలు తొడిగి చూశాడు. టోపీ పెడితే మొలక వెలుతురు వైపు వంగలేదు. అంటే వెలుతురు 'చూసేది' కొస, వంగేది కింది భాగం. మధ్యలో ఏదో కబురు నడుస్తోంది. 1880లో ఆ సంగతి పుస్తకంగా వేశారు. ఆ కబురు ఆక్సిన్ అనే రసాయనమని తేలడానికి మరో నలభై, యాభై ఏళ్ళు పట్టింది. అది నీడ పక్కకి ఎక్కువగా చేరుతుంది, అక్కడి కణాలు సాగుతాయి, కొమ్మ ఎండవైపు ఒరుగుతుంది.

మరి ఈ మోదుగ మధ్యలో మోచేయిలా విరిగినట్టు తిరిగిందే? అదీ ఆక్సిన్ పనే. కొమ్మ చివరి మొగ్గ ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నలాంటిది. అది ఉన్నన్నాళ్ళూ తన ఆక్సిన్ కిందికి పంపి పక్క మొగ్గల్ని తలెత్తనివ్వదు. మేకో, పురుగో, కత్తో ఆ కొస తీసేసిందనుకోండి, పక్క మొగ్గ పెత్తనం తీసుకుని తనకి నచ్చిన దిక్కుకి బయల్దేరుతుంది. అక్కడ ఒక మోచేయి పడుతుంది. మా జార్ఖండ్‌లో మోదుగకి ఇంకో కత్తిగండం ఉంది, లక్క. లక్కపురుగులు లేతకొమ్మల మీదే కూర్చుంటాయి కనక, లేతకొమ్మలు రావాలని రైతులు మోదుగల్ని నరుకుతారు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఈ లక్క కోసమే 1924లో ఒక పరిశోధన సంస్థ పెట్టారు. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది లక్కే. జపాను వాళ్ళ నిగనిగలాడే పాత్రల మీద ఉండేది మాత్రం లక్క కాదు, అది ఉరుషి అనే చెట్టు పాలు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

పిల్ల కొమ్మని వేళ్ళతో తడుముతూ, "ఇక్కడ నరికారు, ఇక్కడ ఎండ ఇటు నుంచి తగిలింది" అని చదవడం మొదలుపెట్టింది. అప్పుడు కొమ్మని చెట్టు మీద ఉన్న తీరుగానే వాల్చింది. ఈసారి తిరగలేదు. తిరగదు మరి, దాని బరువు దానికి తెలిసిన చోటే ఉంది కదా.

అందుకే నాకు దుకాణంలో అమ్మే బారుకాడల పూలంటే పెద్ద సరదా లేదు. గ్రీన్‌హౌస్‌లో నెత్తిమీద సమానమైన వెలుతురు, పక్క నుంచి గాలి లేదు, మేక లేదు. చదవడానికి వాటికి జాతకమే ఉండదు. అయితే వాటికీ ఒక సంగతి మాత్రం ఎవరూ మరిపించలేరు: కింద ఏది, పైన ఏది అన్నది. మా ఊరి సాక్చీ బజార్లో గ్లాడియోలస్ కాడల్ని అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే కొన్ని గంటల్లో కొసలు ముక్కుపుడక కొక్కెంలా పైకి లేస్తాయి. కాడ కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. కాడ పడుకుంటే అవి దొర్లి కింది గోడకి చేరతాయి. మొక్కకి అదే తూకపుగుండు. అటువైపు కణాలు సాగి కొస లేస్తుంది. కోసి గంటలైనా సరే, పువ్వుకి భూమి ఎటుందో తెలుసు. అందుకే గ్లాడియోలస్‌ని నిలబెట్టి తీసుకురండి.

ఇక నీళ్ళు. ఇకెబానాలో 'మిజుకిరి' అని ఒక పద్ధతి ఉంది, కాడని నీళ్ళలో ముంచి, నీటి అడుగునే కత్తిరించడం. పిల్లకి ఇది వింతగా తోచింది, "బయట కోసి లోపల పెడితే ఏమవుతుంది?" అంది.

కొబ్బరిబోండాం తాగేటప్పుడు స్ట్రాని నీళ్ళ పైకి లేపి పీలిస్తే ఏమవుతుంది? గుటకకి బదులు గాలి. కాడలో సన్నటి గొట్టాలుంటాయి. ఆకులు, రేకులు ఆవిరి వదిలినకొద్దీ ఆ గొట్టాల్లో నీరు దారంలా పైకి లాగబడుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని తెగకుండా వస్తాయి. ఈ సంగతి 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు తేల్చారు. ఆ దారం బాగా బిగుతుగా లాగి ఉంటుంది. గాలిలో కోసిన క్షణాన ఆ బిగువుకి నీరు లోపలికి జారుకుని వెనకే గాలి దూరుతుంది. గొట్టంలో బుడగ పడితే దారం తెగినట్టే. తర్వాత బిందెడు నీళ్ళలో పెట్టినా పువ్వు దాహంతోనే వాడుతుంది. నీటి అడుగున కోస్తే గాలి బదులు నీరే దూరుతుంది. ఈ శాస్త్రం తెలియకముందే జపాను గురువులకి ఫలితం తెలుసు.

ఇంకో మాట. కాడని ఏటవాలుగా కోస్తే ఎక్కువ నీళ్ళు పీలుస్తుందని అందరూ అంటారు. ఏటవాలుగా కోసినా గొట్టాల సంఖ్య అంతే కదా! దాని లాభం వేరు. కాడ చదునుగా కూర్చుని అడుగుకి అతుక్కోదు, గట్టి కొమ్మైతే మేకుల మధ్య తేలిగ్గా దిగుతుంది. లేత కాడల్ని ఇకెబానాలో తిన్నగానే కోస్తారు.

నీటిలో మునిగే ఆకులన్నీ తీసెయ్యడం, పైన కూడా చాలావరకు దులిపెయ్యడం ఇంకో నియమం. అందం కోసమే అంటారు. కానీ మునిగిన ఆకు కుళ్ళితే సూక్ష్మజీవులు పెరిగి గొట్టాల మూతులు పూడ్చేస్తాయి. పైన ఆకు తగ్గితే ఆవిరి తగ్గుతుంది. మా ఆవిడ పిసినారితనం అన్నది పువ్వు ఆయుష్షుకి మంచిదే అయిందన్నమాట.

మేకుల సంగతి చెప్పాలి. కొమ్మల్ని నిలబెట్టేందుకు జపాను వాళ్ళకి కెంజాన్ ఉంటుంది. సీసపు దిమ్మ మీద ఇత్తడి సూదులు. సీసం నీటికంటే 11 రెట్లు బరువు, కొమ్మ ఎంత ఒరిగినా బోర్లా పడదు. మా ఇంట్లో కెంజాన్ ఎక్కడిది? చెక్కముక్కకి మేకులు దిగ్గొట్టి, తిరగేసి, మీద రాళ్ళు పెట్టాను. ముప్పై ఏళ్ళు ఉక్కు కంపెనీలో పనిచేసిన మనిషిని, మూడో రోజుకి ఏమవుతుందో నాకు తెలియొద్దూ? నీళ్ళు టీ డికాషన్ అయ్యాయి. పిల్ల పగలబడి నవ్వింది. ఇత్తడికి ఆ తుప్పు బాధ లేదు, పైగా అందులోని రాగి సూక్ష్మజీవుల్ని కొంత అణుస్తుంది. మనవాళ్ళు రాగిచెంబులో నీళ్ళు పెట్టేదీ అందుకే. రాగి కోసం దూరం కూడా పోనక్కర్లేదు, పక్కనే ఘాట్‌శిలలో కరిగిస్తూ వచ్చారు. నాకు ఇంట్లో ఉన్న మేకులే ముందు కనిపించాయి, ఏం చేస్తాం.

అంతకుముందు ఇంకో భంగపాటు కూడా అయింది. పుట్టినరోజుకి వచ్చిన కార్నేషన్లని పిల్ల భోజనాల బల్ల మీద అరటిపళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది. రెండో రోజుకే అవి నిద్రపోతున్న పిల్లల కళ్ళలా ముడుచుకున్నాయి. నీళ్ళున్నాయి, ఎండ లేదు. మరెందుకు?

ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. నేను పనిచేసింది కోక్ ఓవెన్ల దగ్గర. బొగ్గుని గాలి తగలకుండా మాడిస్తే కోక్ మిగిలి, గ్యాసు వస్తుంది. ఒకప్పుడు యూరప్, అమెరికా ఊళ్ళలో వీధి దీపాలు, ఇంటి దీపాలు ఇలాంటి బొగ్గు గ్యాసుతోనే వెలిగేవి. గొట్టం కారిన వీధిలో చెట్లు అకాలంలో ఆకు రాల్చేవి. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే విద్యార్థి, ప్రయోగశాలలో బఠానీ మొలకలు నిటారుగా కాక అడ్డంగా పెరుగుతుంటే, గది గాలిలోని దీపపు గ్యాసే కారణమని, అందులోనూ ఎథిలీన్ అనే వాయువు చేసే పని అనీ పట్టుకున్నాడు. 1908లో షికాగోలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు, పూలతోటల్లో కార్నేషన్లు ముడుచుకుపోతున్నాయంటే వెతికి అక్కడా దొంగ ఎథిలీనే అని చూపించారు. 1934లో తెలిసిన అసలు చిత్రం ఏమిటంటే, పండే పండు తనంతట తానే ఎథిలీన్ వదులుతుందని. మనవాళ్ళు అరటిగెలల్ని గదిలో పెట్టి పొగ వేసేది ఎందుకు? ఆ పొగలోనూ అదే ఉంటుంది. కాయకి 'పండు' అని చెప్పే వాయువే పువ్వుకి 'ఇక చాలు, వాడిపో' అని చెబుతుంది. పాపం, మా కార్నేషన్లు అరటిపళ్ళ మాట విన్నాయి.

మోదుగ పెట్టాక చూస్తే, నాకెందుకో ఆ చెట్టే ఇకెబానా నేర్చుకుని పూస్తుందనిపించింది. పూత కాలానికి ఆకులు రాల్చేస్తుంది. పువ్వుకి వాసన లేదు, ఎర్రరంగు ఉంది. దాని పరాగాన్ని ఎక్కువగా మోసేది పక్షులు, వాటికి ఎరుపు దూరం నుంచే కనిపిస్తుంది. మధ్యలో ఆకు అడ్డొస్తే ఎలా? అందుకని తెర తీసేసి దీపం వెలిగించినట్టు పూస్తుంది. జార్ఖండ్ తన రాష్ట్రపుష్పంగా దీన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

పూల విషయంలో మా చుట్టూ ఉన్న సంతాలీలు జపాను వాళ్ళకి తీసిపోరు. ఫాల్గుణంలో బాహా పండగ చేస్తారు. వాళ్ళ భాషలో బాహా అంటే పువ్వే. మా ఊరి శివార్లలో కరన్‌డీహ్‌లో వాళ్ళ జాహెర్‌థాన్, పవిత్రవనం ఉంది. పండగనాడు పూజారి సాలపూలు ముందు వనదేవతకిచ్చి, తర్వాత అందరికీ పంచుతాడు. ఆడవాళ్ళు తలలో, మగవాళ్ళు చెవిలో పెట్టుకుంటారు. ఆ రోజు దాకా కొత్త పువ్వు కోయరు, తలలో పెట్టరు. మొదటి పూత చెట్టుదీ తేనెటీగలదీ, మన వంతు తర్వాత అన్న లెక్క నాకు చాలా నచ్చింది. పువ్వు కోయడం గురించి జపానులోనూ ఒక కథ చెబుతారు. సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు తోటలో మార్నింగ్ గ్లోరీ పూలు విరగబూశాయని విని, హిదెయోషి అనే పెద్ద ప్రభువు చూడ్డానికి వచ్చాడట. తోటలో ఒక్క పువ్వు లేదు. కోపంగా తేనీటి గదిలోకి అడుగుపెడితే, చిన్న పాత్రలో ఒక్కటంటే ఒక్కటి. నిజం చెప్పాలంటే మిగతావన్నీ రిక్యూ కోయించేశాడన్న ముక్క నాకు గిట్టదు. మా ఆవిడా అంతే, "అన్నీ కోసి పారేసి ఒకటి పెట్టడం గొప్పా?" అంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు సంతాలీలకి.

మోదుగ కొమ్మ పెట్టి ఇవాళ్టికి ఐదు రోజులు. మేకుల చెక్క తీసేసి, మా ఆవిడ పాత ఇత్తడి గిన్నెలో గులకరాళ్ళు పోసి నిలబెట్టాం. రెండు మొగ్గలు విచ్చాయి, ఒక పువ్వు రాలింది. రాలిన దాన్ని ఆవిడే తీసి దేవుడి దగ్గర పెట్టింది, ఎవరూ చెప్పకుండానే. అరటిపళ్ళు వంటింట్లోకి మారాయి. మీరూ ఒక వంకర కొమ్మ దొరికితే తెచ్చి చూడండి. బకెట్లో నీళ్ళ అడుగున కోయండి, రోజూ నీళ్ళు మార్చండి, ఇనప మేకులు మాత్రం వాడకండి.